బడిపిల్లల పళ్లు: పరీక్షలు జరుగుతున్నా రక్షణ ఎందుకు అందడం లేదు

ఆరేళ్లు నిండే సమయానికి పిల్లల నోట్లో పాలపళ్లన్నిటికీ వెనక, కింద రెండు, పైన రెండు చొప్పున నాలుగు పెద్ద దవడపళ్లు కొత్తగా వస్తాయి. ఏ పాలపన్నూ ఊడకుండానే వెనక ఉన్న ఖాళీలోంచి ఇవి మొలుస్తాయి కాబట్టి, వచ్చిన సంగతి ఇంట్లో చాలామంది గమనించరు. గమనించినవారు కూడా వీటిని పాలపళ్లే అనుకుని, ఎలాగూ ఊడిపోతాయి కదా అని ఊరుకుంటారు. నిజానికి ఇవి జీవితాంతం ఉండవలసిన పళ్లు. అన్నం నమలడంలో ఎక్కువ భారం మోసేవి ఇవే, తర్వాత వచ్చే పళ్లు ఏ వరసలో కుదురుకోవాలో చాలావరకు నిర్ణయించేవీ ఇవే. వీటి పైభాగంలో లోతైన సన్నని చాళ్లు ఉంటాయి. ఆ చాళ్లలో కొన్ని ఎంత ఇరుకంటే బ్రష్షు పోగు కూడా లోపలికి దిగదు. పిల్లల శాశ్వత దంతాల్లో వచ్చే పుచ్చులో అత్యధిక భాగం ఈ చాళ్లలోనే మొదలవుతుంది. కూలికి వెళ్లే తల్లిదండ్రుల ఇళ్లలోనూ, తండాల్లోనూ, ఆశ్రమ పాఠశాలల్లోనూ పెరిగే పిల్లల్లో కొందరి విషయంలో ఆ పుచ్చు పదేళ్ల వయసుకల్లా లోపలి నరం దాకా చేరి, దవడ వాచి, నిద్ర పట్టని రాత్రులు గడిచాక, చివరకు పట్నంలో పన్ను పీకించుకోవడంతో ముగుస్తుంది. జీవితాంతం పనిచేయవలసిన పన్ను నాలుగైదేళ్లకే పోతుంది.

దంతక్షయాన్ని నివారించే మార్గాలు దశాబ్దాలుగా తెలిసినవే, ఖరీదైనవీ కావు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం పాలపళ్లలో చికిత్స అందని పుచ్చుతో బాధపడుతున్న పిల్లలు ప్రపంచవ్యాప్తంగా 51 కోట్లకు పైగా ఉన్నారు. మన దేశంలో 2002-03లో జరిపిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సుమారు 52 శాతం మందికి, పన్నెండేళ్ల పిల్లల్లో సుమారు 54 శాతం మందికి, పదిహేనేళ్ల వారిలో 63 శాతం మందికి పుచ్చుపళ్లు ఉన్నట్టు తేలింది. ఇంత సాధారణమైన జబ్బు కావడం వల్లే దీన్ని జబ్బుగా లెక్కించడం మానేశాం. పంటినొప్పితో ఉన్న పిల్లవాడు ఒకవైపే నములుతాడు, మెత్తటివే తింటాడు, సరిగా నిద్రపోడు, తరగతిలో చెంప మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాడు. అమ్మో, నాన్నో లవంగం పెడతారు, మందుల దుకాణంలో ఒక నొప్పి మాత్ర కొనిస్తారు, వారం తర్వాత నొప్పి తగ్గుతుంది. నరం చచ్చిపోవడం వల్ల తగ్గిన నొప్పిని జబ్బు తగ్గిందని అనుకుంటారు. లోపల చీము మాత్రం మిగిలే ఉంటుంది. 2007 ఫిబ్రవరిలో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 12 ఏళ్ల పేద బాలుడు ఒకరు పుచ్చుపన్ను నుంచి ఇన్ఫెక్షన్ మెదడుకు పాకడంతో చనిపోయాడు. 80 డాలర్లు పెట్టి ఆ పన్ను తీయించి ఉంటే బతికేవాడు. చివరి వారాల్లో అతని చికిత్సకైన ఖర్చు రెండున్నర లక్షల డాలర్లు దాటింది. అలాంటి మరణాలు అరుదు. అయితే సంపన్న దేశంలో కూడా పేద పిల్లవాడి పంటికి రక్షణ దొరకలేదంటే, ఇబ్బంది వైద్యం లేకపోవడంలో కన్నా దాన్ని పిల్లవాడి దాకా చేర్చే ఏర్పాటు లేకపోవడంలో ఎక్కువగా ఉందని అర్థమవుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ఏర్పాటు గురించే.

ముందుగా పుచ్చు ఎలా పడుతుందో చూడాలి, ఎందుకంటే ఏ నివారణ పనిచేస్తుంది, ఏది చేయదు అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. పంటిపై పేరుకునే పాచిలో ఉండే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వంటి సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లత పెరిగి, దాన్ని కొలిచే పీహెచ్ సంఖ్య సుమారు 5.5 కన్నా దిగువకు పడిపోతుంది. అప్పుడు పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతుంది. ఆ తర్వాత అరగంట నుంచి గంట లోపు లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి పంటిలో చేరుస్తుంది. అంటే పన్ను రోజూ కొంత కరుగుతూ, కొంత కోలుకుంటూ ఉంటుంది. కోలుకునే వ్యవధి చాలినంత దొరికితే పన్ను నిలుస్తుంది, దొరకకపోతే గుంట పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నాం అన్నదానితో పాటు రోజుకు ఎన్నిసార్లు తిన్నాం, అది పంటికి ఎంతసేపు అంటుకుని ఉంది అన్నవి కూడా అంతే ముఖ్యం. పొద్దున టీలో ముంచిన బిస్కెట్టు, బడికి వెళ్లే దారిలో ఒక చాక్లెట్టు, విరామంలో ఐదు రూపాయల ప్యాకెట్టు, సాయంత్రం మళ్లీ టీ బిస్కెట్టు: ఇలా గడిచే రోజులో పంటికి కోలుకునే తీరిక రాత్రి నిద్రలో తప్ప దొరకదు. పాలసీసాలో చక్కెర కలిపి నోట్లో పెట్టి నిద్రపుచ్చే పసిపిల్లలకు ఆ తీరిక కూడా ఉండదు, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. రెండేళ్ల పిల్లల పైవరస ముందు పళ్లు గోధుమరంగుకు తిరిగి మొదళ్ల దగ్గర విరిగిపోవడానికి తరచుగా ఇదే కారణం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లల రక్తహీనత తగ్గించాలని వారంలో కొన్ని రోజులు పల్లీ చిక్కీ, మరికొన్ని రోజులు బెల్లం వేసిన రాగిజావ ఇస్తూ వచ్చారు. తెలంగాణ బడుల్లోనూ రాగిజావ ఉంది. అంగన్‌వాడీల్లో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతంలోనూ చక్కెర ఉంటుంది. పంటి దృష్టితో మాత్రమే చూసేవారు వీటిని తప్పుపట్టవచ్చు, పైగా బెల్లమైనా చక్కెర అయినా పంటిపై ఉండే సూక్ష్మజీవులకు ఒకటే. అయినా బరువు తక్కువగా ఉన్న పిల్లవాడి నోటి దగ్గర నుంచి చిక్కీ లాగేయమని చెప్పడం నా దృష్టిలో తప్పు. ఆ చిక్కీ మధ్యాహ్న భోజనంతో పాటే తినిపించి, తిన్న వెంటనే నీళ్లతో నోరు పుక్కిలింపజేస్తే దాని హాని చాలావరకు తగ్గుతుంది, పోషకం మాత్రం అందుతుంది. జేబులో పెట్టుకుని మధ్యాహ్నమంతా కొరుకుతూ ఉంటే ఆ తీపి పళ్లకు అంటుకునే ఉంటుంది. పోషకాహారానికి సంబంధించిన ఆదేశాలు రాసేవారు, నోటి ఆరోగ్యానికి సంబంధించిన ఆదేశాలు రాసేవారు ఒకచోట కూర్చుంటే, చిక్కీ భోజనంతోనే పెట్టాలన్న ఒక్క వాక్యంతో సరిపోయే సంగతి ఇది.

తర్వాతి అంశం ఫ్లోరైడ్. నోట్లో ఫ్లోరైడ్ కొద్ది మోతాదులో నిలకడగా ఉంటే, కరిగిన ఖనిజాలు తిరిగి పంటిలో చేరే పని వేగంగా జరుగుతుంది. అలా చేరిన పొర మునుపటికన్నా ఆమ్లానికి ఎక్కువగా తట్టుకుంటుంది. ఈ మేలు ప్రధానంగా పంటి పైభాగాన తగలడం వల్ల వచ్చేది, మింగడం వల్ల కాదు. మన దేశ నిబంధనల ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ గరిష్ఠంగా 1000 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు, ఉండవచ్చు. కానీ పల్లెల్లోని కిరాణా దుకాణాల్లో అమ్ముడుపోయే ఎర్ర పళ్లపొడుల్లో, చాలా మూలికా పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉండదు. వేపపుల్ల, కానుగపుల్ల సరిగా నమిలి తోముకుంటే పాచి పోతుంది, వాటిని వాడే పెద్దవాళ్లను తప్పుపట్టవలసిన పని లేదు. అయితే వాటిలో చాళ్ల లోపలి పుచ్చును ఆపగలిగే ఫ్లోరైడ్ లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పురాళ్లు మాత్రం ఎనామిల్‌ను అరగదీస్తాయి.

సంక్షేమ వసతిగృహాల్లో చదివే పిల్లలకు సబ్బు, నూనె, పేస్టు వంటివాటి కోసం ప్రభుత్వాలు కాస్మెటిక్ చార్జీల పేరుతో డబ్బో, వస్తువులో ఇస్తూనే ఉన్నాయి. అంటే పేస్టు కోసం కొత్త పథకం పెట్టనక్కరలేదు. కొనే పేస్టులో 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉండాలన్న షరతు, రోజూ ఒక పూట ఒకరు దగ్గర నిలబడి తోమించాలన్న ఏర్పాటు ఉంటే సరిపోతుంది. ఉదయం ఆరు గంటలకు వసతిగృహం కుళాయిల దగ్గర ఏం జరుగుతుందో చూసినవారికి ఈ రెండో మాట విలువ తెలుస్తుంది. నాలుగు కుళాయిల ముందు ఎనభై మంది వరస కడతారు, వెనక నుంచి తొందరపెట్టే పెద్దపిల్లల మధ్య చిన్నవాళ్లు ముందుపళ్ల మీద బ్రష్షు ఇటూ అటూ నాలుగుసార్లు ఆడించి, గుక్కెడు నీళ్లతో పేస్టంతా పుక్కిలించి ఉమ్మేసి పరుగెత్తుతారు. వెనక దవడపళ్లకు బ్రష్షు తగలదు, తగిలిన చోట ఫ్లోరైడ్ నిలవదు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ పాఠశాలల్లో దీనికి తేలికైన పరిష్కారం కనుగొన్నారు. అక్కడ పిల్లలు బడి సమయంలో తరగతివారీగా నిలబడి చేతులు కడుక్కుని, ఉపాధ్యాయురాలి సమక్షంలో కలిసి పళ్లు తోముకుంటారు. స్కాట్లాండ్‌లో చైల్డ్‌స్మైల్ అనే కార్యక్రమం కింద నర్సరీ బడుల్లో ఇలాగే రోజూ తోమిస్తున్నారు; అక్కడ 2003లో ఐదేళ్ల పిల్లల్లో పుచ్చు కనిపించనివారు సగం కన్నా తక్కువ, 2020 నాటికి ఆ సంఖ్య 70 శాతం దాటింది. తోమాక నురుగు ఉమ్మేసి, పుక్కిలించకుండా వదిలేయాలన్నది ఈ పద్ధతిలో కీలకమైన మెలకువ. ఎన్నిసార్లు పుక్కిలిస్తే నోరు అంత శుభ్రమని నమ్మే మన ఇళ్లలో దీన్ని అలవాటు చేయడానికి ఓపిక కావాలి.

తెలుగు నేలపై ఫ్లోరైడ్ మాట ఎత్తగానే నల్గొండ గుర్తుకొస్తుంది, పిల్లల పళ్లకు ఫ్లోరైడ్ పూయాలంటే తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయానికి బలమైన కారణమే ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడింది. వంగిన కాళ్లతో, బిగుసుకుపోయిన నడుములతో, గోధుమరంగు గారపళ్లతో తరాలు గడిచిన ఊళ్లు నల్గొండ జిల్లాలోనూ, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లోనూ ఉన్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చని భారత ప్రమాణాలు చెబుతుండగా, ఆ ఊళ్ల బోరునీళ్లలో అంతకు అనేక రెట్లు ఉండేది. ఆ నీళ్లను ఏళ్ల తరబడి మింగడం వల్ల వచ్చిన వైకల్యం అది. పళ్లమీద వచ్చే గార కూడా పన్ను దవడలోపల తయారవుతున్న వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఎక్కువ ఫ్లోరైడ్ మింగడం వల్లే వస్తుంది. నోట్లోకి వచ్చేసిన పంటికి పైనుంచి ఫ్లోరైడ్ తగిలినంత మాత్రాన గార పట్టదు. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ల లోపు వారికి బఠాణీ గింజంత పేస్టు మాత్రమే పెట్టాలని చెప్పేది అందుకే: మింగినా హాని చేయనంత, పంటికి మాత్రం సరిపోయేంత.

ఈ చిక్కును తేల్చడానికి ఊరి నీళ్ల వివరం కావాలి. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండి, ఇప్పటికీ వాటినే తాగుతున్న ఊరిలో మొదటి పని మంచినీళ్లు తేవడం. చిన్నపిల్లలు పేస్టు మింగకుండా మరింత జాగ్రత్తపడటం. కానీ గార ఉన్న పళ్లకు పుచ్చు పట్టదన్న నమ్మకం సరైనది కాదు. గార ముదిరిన పంటి ఎనామిల్ గుల్లగా మారి విరుగుతుంది, విరిగినచోట పాచి నిలిచి పుచ్చుతుంది. మరోవైపు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీళ్లు అందిన ఊళ్లలో పరిస్థితి మారిపోయింది. అక్కడ 2016 తర్వాత పుట్టిన పిల్లలు తాతముత్తాతలు తాగిన నీళ్లు తాగడం లేదు. వాళ్లకు గార ముప్పు తగ్గింది, చిరుతిళ్లు పెరిగాయి, పంటికి అందే ఫ్లోరైడ్ తగ్గింది. ఆ పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు అవసరం ఇప్పుడు మిగతా పిల్లలతో సమానంగా ఉంది, కానీ ఊరి జ్ఞాపకంలో ఫ్లోరైడ్ అంటే ఇంకా వంగిన నడుమే. నల్గొండ పేరు చెప్పి ఆ పిల్లలకు రక్షణ ఆపేయడం, అలాగే నీళ్లు పరీక్షించకుండా అన్ని ఊళ్లకూ ఒకటే సలహా ఇవ్వడం, రెండూ అన్యాయమే. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో ఊరివారీ పరీక్ష ఫలితాలు ఉంటాయి. బడికి వచ్చే ఆరోగ్య బృందం చేతిలో ఆ కాగితం ఉండాలి.

ఇక ఏర్పాటు విషయానికి వద్దాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఒకసారి సంచార బృందాలు పరీక్షించాలి. ఆ బృందంలో ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సో ఏఎన్ఎమ్మో, ఒక ఫార్మసిస్టు ఉంటారు. గుర్తించవలసిన జబ్బుల జాబితాలో దంత సమస్యలు కూడా ఉన్నాయి. ఇంతవరకు బాగానే ఉంది. కానీ టార్చి వెలుగులో నోరు తెరిపించి చూసి, పుచ్చు ఉంటే రిఫరల్ చీటీ రాసివ్వడంతో ఆ బృందం పని ముగుస్తుంది. ఆ చీటీ పట్టుకుని పిల్లవాడిని జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే అమ్మకు ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరి బస్సు చార్జీలు అవుతాయి, అక్కడికి వెళ్లాక మళ్లీ రమ్మంటే ఇంకో రోజు కూలి పోతుంది. నొప్పి లేని పంటికోసం అంత నష్టం భరించే కుటుంబాలు తక్కువ. వాళ్ల లెక్క తప్పని ఎవరూ అనలేరు. ప్రైవేటు డెంటల్ కాలేజీలు నడిపే ఉచిత శిబిరాల్లోనూ చాలావరకు ఇదే జరుగుతుంది: ఒక్క రోజులో వందలమంది నోళ్లు చూస్తారు, ఒక్కో పేస్టు ప్యాకెట్టు ఇస్తారు, ఫొటోలు తీసుకుంటారు, మళ్లీ అదే బడికి ఎప్పుడొస్తారో తెలియదు. పుచ్చు ఉందని తెలుసుకోవడం వల్ల పంటికి ఏ మేలూ జరగదు. పరీక్షించిన చేతులే అక్కడే, అప్పుడే పంటికి ఏదో ఒకటి చేయగలిగితేనే అది నివారణ అవుతుంది.

అలా చేయగలిగినవి ఉన్నాయి. మొదటిది ఫ్లోరైడ్ వార్నిష్. పిల్లవాడిని మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, పళ్లను గాజుగుడ్డతో తుడిచి, చిన్న బ్రష్షుతో పసుపురంగు జిగురు ద్రవాన్ని అర మిల్లీలీటరు లోపే పళ్లన్నిటికీ పూస్తారు. లాలాజలం తగలగానే అది గట్టిపడి పంటిని అంటుకుంటుంది. రెండు మూడు నిమిషాల పని. సూది లేదు, యంత్రం లేదు, కరెంటు అక్కరలేదు. ఆ పూటకు గట్టి పదార్థాలు తినకుండా, మర్నాటి దాకా పళ్లు తోమకుండా ఉంటే చాలు. ఏడాదికి కనీసం రెండుసార్లు పూస్తే శాశ్వత దంతాల్లో పుచ్చు సుమారు 43 శాతం, పాలపళ్లలో 37 శాతం తగ్గుతుందని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2013 నాటి సమీక్ష తేల్చింది. రెండోది, ఆరేళ్ల దవడపళ్ల చాళ్లను సీలెంటు అనే పూతతో మూసేయడం. బాగా అంటుకుంటే రెండేళ్ల పాటు ఆ పళ్లలో వచ్చే పుచ్చును 80 శాతం దాకా ఆపుతుంది. పన్ను తడి లేకుండా ఉంచడం ఇందులో కష్టమైన భాగం, అందుకే బడి వరండాలో తడిని కొంత ఓర్చుకునే గ్లాస్ అయనోమర్ సిమెంటు వాడతారు. మూడోది, ఇప్పటికే పడిన చిన్న గుంటలను చేతి పనిముట్లతోనే శుభ్రం చేసి అదే సిమెంటుతో నింపడం. 1980లలో టాంజానియాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994 నుంచి ప్రోత్సహిస్తోంది.

నాలుగోది సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. పుచ్చిన చోట ఒక్క చుక్క అద్దితే అందులోని వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది, పుచ్చు చాలా సందర్భాల్లో అక్కడితో ఆగిపోతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. దీనితో ఒక ఇబ్బంది ఉంది: పుచ్చిన భాగం నల్లగా మారి అలాగే ఉండిపోతుంది. వెనక దవడ పంటికి అది పెద్ద సంగతి కాకపోవచ్చు, కానీ ఆడపిల్ల ముందుపన్ను నల్లబడిందని సాయంత్రం ఇంటికెళ్లాక తల్లికి తెలిస్తే, ఆ ఊరివాళ్లు మళ్లీ ఎవరినీ నోట్లో చెయ్యి పెట్టనివ్వరు. కాబట్టి నలుపు ఎలా ఉంటుందో ఫొటో చూపించి, ముందే తల్లిదండ్రుల సంతకం తీసుకోవడం తప్పనిసరి. కోయ, గోండి, కువి, సవర మాట్లాడే ఇళ్లలో ఆ సంగతి వాళ్ల భాషలో ఆశా కార్యకర్త చెప్పాలి. తెలుగులో అచ్చువేసిన కాగితం అక్కడ సమ్మతి అనిపించుకోదు. న్యూయార్క్ నగరంలో పేదలు ఎక్కువగా ఉన్న ప్రాథమిక పాఠశాలల్లో ఈ మందును సీలెంట్లతో పోల్చి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పుచ్చు ఆపడంలో రెండూ దాదాపు సమానంగా నిలిచాయి. పళ్ల శుభ్రతలో శిక్షణ పొందిన డెంటల్ హైజీనిస్టులు పూసినా, బడిలోని నర్సులు పూసినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని ఆ తర్వాతి విశ్లేషణలో తేలింది.

నర్సు చేయగల పని అయితే ఎవరు చేయాలన్న ప్రశ్నకు జవాబు మారిపోతుంది. మన దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి, ఏటా పాతిక వేల మందికి పైగా పట్టా తీసుకుంటున్నారు. దంతవైద్యుల కొరత అనడానికి లేదు. వాళ్లలో ఎక్కువమంది పట్నాల్లో ఒకే వీధిలో నాలుగు క్లినిక్కులుగా పోటీపడుతుంటే, ఏజెన్సీలోని మారుమూల ఊళ్లలో దంతవైద్యుడి ముఖం కనిపించడం అరుదు. న్యూజిలాండ్ ఈ సమస్యను 1921లోనే వేరేలా ఎదుర్కొంది: బడిపిల్లల పళ్లకోసమే ప్రత్యేకంగా డెంటల్ నర్సులకు శిక్షణ ఇచ్చి బడుల్లో నియమించింది. 2003లో అలాస్కాలోని ఆదివాసీ సంఘాలు తమ యువతను శిక్షణకోసం అక్కడికే పంపాయి. శిక్షణ పొందినవాళ్లు తిరిగొచ్చి తమ పల్లెల్లోనే పనిచేస్తుంటే, దంతవైద్యుల సంఘం మొదట కోర్టుకెళ్లింది. మన దగ్గర కూడా వార్నిష్ పూసే పని నర్సుకు ఇస్తామంటే వృత్తి సంఘాల నుంచి అభ్యంతరం రావచ్చు. పన్ను కోయడం, పీకడం, నరం తీయడం దంతవైద్యుడి పనే, అందులో రాజీ పడకూడదు. కానీ రోడ్డు సరిగాలేని ఆశ్రమ పాఠశాలలో మూడొందల మంది ఆడపిల్లల పళ్లకు ఏడాదికి రెండుసార్లు వార్నిష్ పూయడానికి ఏ దంతవైద్యుడూ రాడని తెలిసీ, వచ్చే నర్సును ఆపడం న్యాయం కాదు. బాల స్వాస్థ్య బృందం ఎలాగూ ఆ బడికి వెళుతుంది, ఎలాగూ ఒక్కొక్కరి నోరూ తెరిపిస్తుంది. ఆ బృందం సంచిలో వార్నిష్ గొట్టాలు, గాజుగుడ్డలు, చేతి తొడుగులు చేరితే, జిల్లా కేంద్రంలోని దంతవైద్యుడు ఆ నర్సులకు శిక్షణ ఇచ్చి పర్యవేక్షిస్తే, కొత్త సంచార వాహనాలేవీ కొనకుండానే పని మొదలవుతుంది.

డెంటల్ కాలేజీలకూ ఇందులో చోటుంది. ప్రతి కాలేజీలో ప్రజారోగ్య దంతవైద్య విభాగం ఉంటుంది, హౌస్‌సర్జన్లు అక్కడ కొంతకాలం పనిచేయడం చదువులో భాగం. ఏటా కొత్త ఊళ్లు వెతుక్కుని శిబిరాలు పెట్టే బదులు, ఒక్కో కాలేజీ చుట్టుపక్కల ఉన్న పది బడులను తనవిగా తీసుకుని, ఒకటో తరగతిలో చేరిన పిల్లలను ఐదో తరగతి పూర్తయ్యేదాకా ఆరునెలలకోసారి చూడవచ్చు. సీలెంటు ఊడిందా, మళ్లీ వేయాలా, కొత్తగా ఏ పన్ను వచ్చింది అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఏడాది తర్వాత సీలెంట్లు ఎన్ని నిలిచాయో చూడని శిబిరం తన పని ఫలితాన్ని తానే తెలుసుకోలేదు.

లెక్క రాసే తీరు కూడా మారాలి. ఇప్పటి నివేదికల్లో ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందిని రిఫర్ చేశారు అన్న గడులే ఉంటాయి కాబట్టి, వేగంగా ఎక్కువ నోళ్లు చూసినవారే బాగా పనిచేసినట్టు కనిపిస్తారు. మండలంలో ఏడేళ్లు నిండిన పిల్లల్లో ఎంతమందికి నాలుగు దవడపళ్ల చాళ్లూ మూసి ఉన్నాయి, ఎంతమందికి ఆ ఏడాది రెండుసార్లు వార్నిష్ అందింది, రిఫర్ చేసినవారిలో నిజంగా చికిత్స దొరికినవారెందరు అన్న మూడు గడులు ఆ రిజిస్టరులో ఉంటే, జిల్లా సమీక్షలో అధికారి అడిగే ప్రశ్న మారుతుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో కూర్చునే తల్లిదండ్రులకు కూడా ఆ మూడు సంఖ్యలు బడి గోడమీద కనిపించేలా రాయాలి. మధ్యాహ్న భోజనం మెనూ గోడమీద రాస్తున్నప్పుడు, ఇవి రాయడానికి చోటు దొరక్కపోదు.